మా ఇంటి మూడో పార్టీ

మొన్న మధ్యాహ్నం ఇన్సూరెన్స్ ఆఫీసు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. నాన్న స్కూటర్ పాలసీ ఈ నెలాఖరుకి అయిపోతుందని తమిళంలో చెప్పింది. ఇలాంటి వాటన్నిటికీ నాన్న నా నంబరే ఇస్తాడు. బండి బాగా పాతదైపోయింది కదా మేడమ్, ఈసారి థర్డ్ పార్టీ మాత్రం కడితే చాలదా అని అడిగింది.

ఫోనులో మాట్లాడాలంటే నేను ముందు కాగితం మీద రాసుకోవాలి. రాసుకోకుండా ఎత్తితే మాట గొంతులోనే ఉండిపోతుంది. మూడు రోజులాగి చేయమని చెప్పి పెట్టేశాను. ఆమె అడిగిన మాట మాత్రం నన్ను వదల్లేదు. మా ఇంట్లో థర్డ్ పార్టీ అంటే ఒక మనిషి. నాన్నకి అక్క, నాకు అత్త. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

అత్తను పేరు పెట్టి పిలవగా నేను ఎప్పుడూ వినలేదు. నాన్నకి అక్క, అమ్మకి వదిన. వీటన్నిటికంటే ఎక్కువగా ఆమెను పిలిచిన మాట ఇంకొకటి ఉంది, ‘పట్టుకో’ అని. నాన్న స్టూలెక్కి ట్యూబ్ లైట్ మారుస్తుంటే కింద స్టూలు పట్టుకునేది అత్త. అమ్మ చీర మడత పెట్టాలంటే రెండో కొస అత్త చేతిలో ఉండేది. రేషన్ షాపు వరసలో మాకే కాదు, కింద అద్దెకున్న వాళ్ళకి కూడా చోటు పట్టి ఉంచేది. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆమే. జ్వరం వచ్చి నేను చేతులు ఎత్తలేకపోతే పుస్తకం నా ముఖానికి ఎదురుగా పట్టుకుని మంచం పక్కన కూర్చునేది. పేజీ తిప్పమని నేను అడగక్కర్లేదు. నా కళ్ళు కింది వరస దాకా రావడం చూసి తనే తిప్పేది.

పట్టుకున్నది ‘చాలు’ అనేదాకా వదిలేది కాదు. ఒకసారి నాన్న గోడకి అలమర బిగిస్తూ పలకని ఆమెకి పట్టించి, కింద ఎవరో పిలిస్తే దిగి వెళ్ళి, అటునుంచి అటే తన కొట్టుకి పోయాడు. అమ్మ చూసుకునేసరికి అత్త రెండు చేతులూ పైకెత్తి గోడకి ఆనుకుని నిలబడే ఉంది. దింపెయ్యచ్చు కదా వదినా అంటే, "వాడు వచ్చి ఆడనే బిగిస్తాడనుకున్నా" అంది.

పురసవాక్కంలో మా ఇల్లు మేడ మీద. తాత పోయాక నాన్న పేరుకి మారింది. అప్పుడు ఇంట్లో తన పాలు వద్దని అత్త సంతకం పెట్టిందట. ఎక్కడ పెట్టాలో చూపిస్తే అక్కడ పెట్టి, కాగితం కదలకుండా కొస పట్టుకుందట. ఇది కూడా నవ్వుతూ చెప్పుకునే కథే మా ఇంట్లో.

నాన్నకి జార్జి టౌన్‌లో మిఠాయి అట్టపెట్టెల హోల్‌సేల్ కొట్టు ఉంది. ఆ వీధుల్లో సరుకు కొనేవాళ్ళని పార్టీ అంటారు. ‘పార్టీ వచ్చాడా’, ‘పార్టీ ఫోన్ చేశాడా’ అని. శుక్రవారాలు నాన్న కొట్టుకి పోతూ అత్తను స్కూటర్ మీద ఎక్కించుకుని దారిలో గుడి దగ్గర దించేవాడు. అత్త ఎడమ వైపుకి కాళ్ళు వేసి, ఒళ్ళో పూల సంచి పెట్టుకుని, ఒంటిపక్కగా కూర్చునేది.

అలా వెళ్ళిన ఒక శుక్రవారం, దీపావళి ముందు, ఒక సందు మలుపులో బండి పడిపోయింది. నాన్నకి ఏమీ కాలేదు. అత్తకి తుంటి విరిగింది. కుక్క అడ్డం వచ్చిందని నాన్న ఆస్పత్రిలో చెప్పాడు. అత్త ఔనంది. చూడటానికి వచ్చిన చుట్టాలందరికీ ఆ కుక్క గురించి చెప్పారు. రోజులు గడిచేకొద్దీ కుక్కకి రంగు వచ్చింది. తోక కొస తెల్లగా ఉందని అత్తే చేర్చింది.

ఆపరేషన్ చేసి ఇంటికి పంపారు. ఇంట్లో ఉన్నదంతా దానికే అయిపోయింది. వాకర్ పట్టుకుని గదిలో నడవగలిగేది కానీ మెట్లు దిగలేకపోయింది. మా మెట్లు ఒక మనిషి పట్టేంతే ఉంటాయి, మలుపు దగ్గర మెట్టు ముక్కోణంగా ఉంటుంది. ఇంకో ఆపరేషన్ చేస్తే మెట్లు దిగి తిరగవచ్చని డాక్టరు చెప్పాడు. దానికి మా దగ్గర ఏమీ లేదు.

అప్పటినుంచి అత్త లోకం మా ఇద్దరి గది కిటికీ. అందులోంచి చూస్తే కరెంటు తీగలు, కింది పూలకొట్టు మీది నీలం పట్టా, వచ్చేపోయేవాళ్ళ తలలు కనిపిస్తాయి. ఎవరికి బట్టతల మొదలైందో, ఎవరు పాపిడి మార్చారో మాకు ముందు తెలిసేది. "ఈ వీధిలో ఎవురి నడినెత్తి ఎట్టుండాదో నన్ను అడుగు పాపా. మొహాలు మాత్రం మర్చిపోతా ఉండా" అనేది. పక్క మంచం మీద పుస్తకం పట్టుకుని కూర్చున్న నాకు ఆ గది రోజురోజుకీ చిన్నదవుతున్నట్టు ఉండేది. నేను కావాలంటే లేచి మెట్లు దిగగలను. ఆమె చూస్తుండగా దిగడం నాకు చేతనయ్యేది కాదు.

క్లెయిమ్ వేయమని చెప్పింది ఒక లాయరు. మా వాళ్ళే, నాన్న కొట్టు ఉన్న వీధిలోనే ఆఫీసు. ఒక ఆదివారం ఇంటికి వచ్చి, అత్త మంచం ఎదురుగా కుర్చీ వేసుకుని, ఎవరెవరు ఎవరో విడమరిచి చెప్పాడు. పాలసీ అంటే ఇద్దరి మధ్య ఒప్పందమట. బండి ఓనరు ఒకటో పార్టీ. కంపెనీ రెండో పార్టీ. ఆ బండి వల్ల దెబ్బ తిన్నవాళ్ళు మూడో పార్టీ.

మూడో మనిషి అంటే మా వాళ్ళ మాటల్లో బయటి మనిషి. ఇంటి గుట్టు ఆ మనిషి ముందు మాట్లాడకూడదు.

"నేను మూడో మనిషినా?" అంది అత్త. "తుంటి ఇరిగింది నాది. ఒకటో మనిషికి మోకాలు గూడా గీసుకోలా."

"చట్టం మాట అక్కా అది. మీ అదృష్టం, తమ్ముడు ఫుల్లు పాలసీ కట్టినాడు. వట్టి థర్డ్ పార్టీ కట్టి ఉంటే వెనక కూర్చున్నవాళ్ళు లెక్కలోకే రారు."

"ఒకటీ కాదు, రెండూ కాదు, మూడూ కాదా? మరి బండి మింద కూర్చునిండేది ఎవురు?"

లాయరు నవ్వి, ఇక్కడి కోర్టు తమిళంలో మళ్ళీ వేరే పేర్లుంటాయని చెప్పాడు. అడిగేది అత్త కాబట్టి ఆమె మనుదారు. ఆమెకి ఎదురు ఇద్దరు. మొదటి ఎదురుదారు బండి ఓనరు, అంటే నాన్న. రెండో ఎదురుదారు కంపెనీ. ఎదురు అనేసరికి అత్తకి తమిళ వార్తల్లో రోజూ వినబడే ఎదిర్ కట్చి గుర్తొచ్చింది. కట్చి అంటే పార్టీ, ఎదిర్ కట్చి అంటే ప్రతిపక్షం.

"మా అబ్బయ్య ఎప్పుడు కట్చి మారినాడు?" అని అడిగింది. నాన్నను అబ్బయ్య అనేది.

"పేరుకి మాత్రమే ఎదురు అక్కా. ఇచ్చేది కంపెనీ. కానీ ఒకటి. తప్పు బండి తోలినవాడిదైతేనే ఇస్తారు. కుక్క అడ్డమొచ్చిందంటే తప్పు కుక్కది. కుక్కకి ఇన్సూరెన్స్ లేదు."

వంటింట్లో మిక్సీ ఆగింది. నాన్న గడప దగ్గర నిలబడి తన కాలి వేళ్ళు చూసుకుంటున్నాడు. అత్త కిటికీ వైపు తిరిగి, ఆ కుక్క తోక తెల్లగా ఉందని మళ్ళీ చెప్పింది.

తర్వాత రోజు నేను తల దువ్వుతుంటే, నాకు వీపు పెట్టి కూర్చుని చెప్పింది. "కుక్క లేదు పాపా. పార్టీ ఫోను వచ్చింది. మాట్లాడతా మలుపు తిప్పినాడు."

బండి మీద ఫోన్ మాట్లాడవద్దని అమ్మ నాన్నతో ఎన్ని సార్లు గొడవ పడిందో నాకు తెలుసు. ఒకసారి ఆ గొడవలో అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. అందుకే ఆస్పత్రిలో నాన్న నోటికి కుక్క వచ్చింది, అత్త దాన్ని పట్టుకుంది. ఇప్పుడు నిజం చెబితే ఆమె మెట్లు దిగుతుంది, తమ్ముడు పెళ్ళాం ముందు అబద్ధాలకోరు అవుతాడు. కుక్కనే ఉంచితే ఇల్లు ఇలాగే ఉంటుంది, ఆమె కిటికీ దగ్గరే ఉంటుంది. ఆ రెండిటి మధ్యా ఇరుక్కుని చాలా రోజులు కూర్చుంది. నేనూ కూర్చున్నాను. నాన్న అన్నానికి వచ్చినప్పుడు ఆయన ముఖం చూడలేక పుస్తకం అడ్డం పెట్టుకునేదాన్ని.

చివరికి లాయరు పోరు పడలేక, చెప్పాల్సిన వాక్యం అభ్యాసం చేద్దాం అంది. నేను లాయరుని. అడగడానికి నా గొంతు లేచేది కాదు. చెప్పడానికి ఆమెకి వచ్చేది కాదు. "అబ్బయ్య అజాగ్రత్తగా..." అనేదాకా వచ్చి ఆగిపోయేది. అవతలి గదిలో నాన్న పేపరు తిప్పిన చప్పుడు వినిపించేది. లాయరుకి ఈ సంగతి చెబితే, కోర్టులో అబ్బయ్య అనకూడదు, మొదటి ఎదురుదారు అనాలి అన్నాడు.

అంతే, వాక్యం గడగడా వచ్చేసింది. "మొదటి ఎదురుదారు ఫోను మాట్లాడతా అజాగ్రత్తగా బండి తోలినాడు." ఎక్కడో ఇంకెవరో ఒక మనిషి గురించి చెబుతున్నట్టు. ఆ మనిషి మీద ఆమెకి కొంచెం కోపం కూడా వచ్చేది. ఆ పేరు ఆమెకి ఎంత నచ్చిందంటే ఇంట్లో కూడా వాడటం మొదలుపెట్టింది. మొదటి ఎదురుదారు కాఫీ తాగినాడా అని వంటింట్లోకి కేకేసేది. మొదటి ఎదురుదారుని లుంగీ తడి పిండి ఆరేసుకోమనేది. బండి పడ్డాక అమ్మ నవ్వడం నేను చూసింది అప్పుడే. నాన్న మాత్రం ఆ పిలుపు విని ఒక్క క్షణం ఆగి, తర్వాత పలికేవాడు.

సాక్ష్యం రోజు అమ్మ ఇంట్లో ఉండిపోయింది. నాన్నా, ఆటో అతనూ కలిసి అత్తను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించారు. మలుపు దగ్గర కుర్చీ ఇరుక్కుంటే నాన్న తన భుజం గోడకి ఆనించి, చొక్కా చిరిగేదాకా రాసుకుంటూ దించాడు. ముగ్గురం ఒకే ఆటోలో వెళ్ళాం. లాయరు మమ్మల్ని చూసి తల పట్టుకున్నాడు.

"ఎదురు పార్టీతో కలిసి ఒకే ఆటోలో వస్తారా అక్కా ఎవరైనా?"

"వాడు రాకపోతే నన్ను మెట్లు దించేదెవురు?" అంది అత్త.

పిలిచేసరికి మధ్యాహ్నమైంది. అప్పటిదాకా వరండా బెంచీ మీద కూర్చున్నాం. నేను పెరుగన్నం డబ్బా తీశాను. ఎదురుదారుకి ఊరగాయ ఎక్కువ వెయ్యమని అత్త చెప్పింది. అటుగా పోతున్న ఒక లాయరమ్మ ఆగి మా ముగ్గురినీ, డబ్బానీ చూసి వెళ్ళింది. నా కంటే కొన్నేళ్ళు పెద్దదేమో. ఆమె కంపెనీ తరఫు లాయరని లోపలికి వెళ్ళాకే తెలిసింది.

అత్తను వాకర్‌తో బోను దాకా నడిపించి, పక్కన కుర్చీ వేశారు. ఆమెకి తమిళం బాగానే వచ్చు, కానీ ఆ రోజు గాలి అందనట్టు మాట్లాడింది. ప్రమాదం ఎలా జరిగిందో చెప్పమంటే, పార్టీ ఫోన్ వచ్చింది అంది. ఏ పార్టీ అని జడ్జి అడిగారు. ఒకటో పార్టీనా, రెండో పార్టీనా? అత్తకి అర్థం కాలేదు. మిఠాయి పార్టీ అంది. అందరూ నవ్వారు. మా లాయరు లేచి, అంటే కొనుగోలుదారు అని వివరించాడు. తర్వాత అత్త మొదటి ఎదురుదారు వాక్యం తప్పు లేకుండా చెప్పింది. నాన్న వెనక వరసలో తల దించుకుని కూర్చున్నాడు. అయిపోయిందనుకున్నాను.

కంపెనీ లాయరమ్మ లేచింది. గద్దించలేదు. అమ్మా అనే పిలిచింది. మీరంతా ఒకే ఇంట్లో ఉంటారా, ఇవాళ మిమ్మల్ని ఎవరు తీసుకొచ్చారు అని అడిగింది. అత్త అన్నిటికీ నిజమే చెప్పింది. ఆ రోజు బండి మీద ఎలా కూర్చున్నారు అంటే, ఎడమ పక్కకి కాళ్ళు వేసి అంది. ఆయన వేగంగా పోయారా అంటే, లేదు, మెల్లగానే అంది. అంటే రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయా అంటే, తమ్ముడి మీద ఒక మాట పడకుండా కాచే అవకాశం దొరికినట్టు వెంటనే ఔనంది. రెండు చేతులూ హ్యాండిల్ మీదే, ఒక్కటీ తీయలేదు అంది.

"మరి ఫోన్ ఎవరు పట్టుకున్నారమ్మా?"

అత్త ఒళ్ళో ఉన్న కుడిచేయి మెల్లగా పైకి లేచింది. ముందు కూర్చున్న మనిషి ఎడమ చెవి ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడికి వచ్చి ఆగింది. వేళ్ళు ఫోన్ చుట్టూ ఉన్నట్టే వంగి ఉన్నాయి. ఆ చేయి అలా ఉండగా ఇంక ఎవరూ ఏమీ అడగక్కర్లేకపోయింది.

నాన్న లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. కోర్టు మనిషి కూర్చోమని సైగ చేస్తే కూర్చున్నాడు.

అత్త తమిళం మర్చిపోయి తెలుగులో అంది. "పట్టుకోమని వాడేం చెప్పలా. మోగితే నేనే పట్టుకుంటా. ఎప్పుడూ పట్టుకుంటా." మా లాయరు కళ్ళు మూసుకున్నాడు. తమిళంలో చెప్పండమ్మా అన్నారు జడ్జి. చెప్పింది. చేయి ఇంకా దించలేదు. చాలమ్మా అని లాయరమ్మ అన్నాక దించింది.

ఇంటికొచ్చాక, కుర్చీ ఇంకా గుమ్మం దగ్గర ఉండగానే నాన్న అమ్మకి చెప్పేశాడు. కుక్క లేదు, ఫోన్ వచ్చింది, అక్క పట్టుకుంది, నేను మాట్లాడాను అని నాలుగు ముక్కల్లో. అమ్మ నీళ్ళు కాచి తెచ్చి అత్త పాదాలు కడిగింది. తర్వాత మా ఇంట్లో కుక్క మాట మళ్ళీ రాలేదు. మొదటి ఎదురుదారు అనే పిలుపు కూడా ఆ రోజుతో పోయింది. నాన్న మళ్ళీ అబ్బయ్య అయ్యాడు.

తీర్పు చాలా కాలానికి వచ్చింది. లాయరు ఇంటికి వచ్చి, ముందుసారి కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, ఫోన్ పట్టుకుని తన పట్టు వదులుకుంది కనుక తప్పులో కొంత ఆమెది కూడా అని రాశారని చెప్పాడు. ఆ మేరకి పరిహారంలో కోసేశారు. వచ్చేది ఆపరేషన్‌కి చాలదు. పైకి అప్పీలు వేయవచ్చు కానీ ఏళ్ళు పడుతుంది.

"తప్పులో పాలు నాకని రాసినారా?" అని అడిగింది అత్త.

"ఔనక్కా."

"పేరు రాసినారా?"

"రాశారు."

అత్త కొంచెంసేపు కిటికీలోంచి నీలం పట్టా వైపు చూసింది. "అయితే నేను మూడో మనిషిని కాదు. ఈ ఇంట్లో నాకూ ఒక పాలు వచ్చింది పో" అంది. హాస్యానికి అందో, ఇంకెందుకు అందో నాకు ఇప్పటికీ తెలియదు. లాయరు నవ్వబోయి మానేశాడు. నాన్న గడప దగ్గర నుంచి వెళ్ళిపోయాడు. మెట్లు దిగుతున్న చప్పుడు కింది దాకా వినిపించింది.

ఆ తర్వాత ఆమె తన కాళ్ళతో మెట్లు దిగలేదు. పోయిన వానాకాలంలో రొమ్ముపడిశం పట్టి, ఒకనాడు తెల్లవారి లేవలేదు. కిందికి దించడానికి వీధి వాళ్ళు నలుగురు వచ్చారు. మలుపు దగ్గర ముక్కోణం మెట్టు మీద ఏటవాలుగా తిప్పాల్సి వచ్చింది. పైనున్న వాళ్ళు కిందివాళ్ళకి, కిందివాళ్ళు పైవాళ్ళకి ‘పట్టుకో, పట్టుకో’ అని చెప్పుకున్నారు. ఆ మాట అన్నిసార్లు వినిపిస్తున్నా ఆమె పలకకుండా ఉండటం అదే మొదటిసారి. నేను అక్కడే పై మెట్టు మీద కూర్చుండిపోయాను.

ఇవన్నీ నిన్నటిదాకా నా డైరీలో అక్కడక్కడా ముక్కలుగా ఉన్నాయి. నిన్న సాయంత్రం నాన్న నన్ను బస్ స్టాప్ దగ్గర ఎక్కించుకున్నాడు. ఈ మధ్య సందుల్లో కూడా హెల్మెట్ పెట్టుకుంటున్నాడు. పూలకొట్టు వీధి మలుపు ఇంకా రాకముందే ఆయన చొక్కా జేబులో ఫోన్ మోగింది. నాన్న తల, హెల్మెట్‌తో సహా, కొంచెం ఎడమకి వంగింది. ఒక క్షణం అలాగే ఆగింది. తర్వాత నిటారుగా అయింది. బండి పక్కకి తీసి, ఆపి, హెల్మెట్ తీసి, అప్పుడు ఫోన్ ఎత్తాడు. పార్టీ అని నాకు చెప్పాడు. ఒళ్ళోని సంచి మీద నుంచి అప్పటికే లేచిన నా కుడిచేయిని నేను మళ్ళీ సంచి మీద పెట్టుకున్నాను.

ఇన్సూరెన్స్ అమ్మాయి రేపు మళ్ళీ చేస్తుంది. ఏం చెప్పాలో రాసుకున్నాను. థర్డ్ పార్టీ మాత్రం చాలదండి. మా బండికి వెనక కూర్చునేవాళ్ళు ఉన్నారు.